వేణ్ణీళ్ళాయన ఇంట్లో చలి గది

మా మామయ్యని మా వీధిలో పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. "వేణ్ణీళ్ళాయన ఇల్లెక్కడ?" అంటే చాలు, ఐదేళ్ళ పిల్ల కూడా మీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆయన గుమ్మంలో వదిలిపెడుతుంది. ముప్ఫై రెండేళ్ళుగా ఊరందరి స్నానాలగదుల్లోనూ గీజర్లు బిగించి, విప్పి, మళ్ళీ బిగించిన మనిషి. ఆయన మాత్రం చలికాలమైనా, వానాకాలమైనా పొద్దున్నే ఐదింటికి కుళాయి కింద కూర్చుని చన్నీళ్ళే పోసుకుంటాడు. ఇదేం విడ్డూరం మామయ్యా అంటే, "రోజంతా వేణ్ణీళ్ళతోనే కాపురం చేస్తానురా. స్నానం దగ్గరైనా కాస్త ఎడంగా ఉండొద్దూ?" అంటాడు.

ఆయన కుడిచేతి చిటికెన వేలు గురించి చెప్పకుండా ముందుకి పోలేను. ఆ వేలు నీళ్ళలో ముంచి "నలభై మూడు" అన్నాడంటే నలభై మూడే. థర్మామీటరు పెట్టి చూస్తే అదీ నలభై మూడే చూపిస్తుంది. ఒకసారి నలభై రెండు చూపించిందట. మామయ్య దానికేసి ఒక్క చూపు చూశాడట, అది సిగ్గుపడి ఒక గీత పైకెక్కిందట. ఇంకోసారి ఎవరింట్లోనో వేడినీళ్ళ పైపు పగిలితే, కొత్త ముక్క తెచ్చేదాకా బొటనవేలు అడ్డంపెట్టి మూడు గంటలు నిలబడ్డాడు. ఆ మూడు గంటల్లోనూ ఆ ఇంటివాళ్ళు ఆయన ముందే పిల్లకి సంబంధం మాట్లాడేసుకున్నారు, ఒకటి రెండు చోట్ల ఆయన సలహా కూడా అడిగారు. ఇందులో మూడు గంటలన్నది నేను కలిపిందే. అసలు ఇరవై నిమిషాలు. సంబంధం సంగతి మాత్రం నిజం.

అలాంటి మనిషి యాభై దాటాక కొత్త మిషనుతో ప్రేమలో పడ్డాడు. దాని పేరు హీట్ పంప్. మామూలు గీజరు కడుపులో కాయిలు ఎర్రగా కాలి నీళ్ళని కాస్తుంది. ఇది అలా కాదు, చుట్టూ ఉన్న గాలిలోంచి వేడిని పిండుకుని నీళ్ళలోకి తోస్తుంది. ఫ్రిజ్‌ని తిరగేసి వాడుకున్నట్టన్నమాట. వంద లీటర్ల నీళ్ళని పాతిక డిగ్రీలు పెంచాలంటే కాయిలు దగ్గర దగ్గర మూడు యూనిట్ల కరెంటు మింగుతుంది. ఇది ఒక్క యూనిట్‌తో సరిపెట్టుకుంటుంది. పైగా పక్కనుంచి చల్లగాలి వదులుతుంది. అత్యవసరానికని దీనిలోపల కూడా ఒక చిన్న కాయిలు పెట్టారు. గాలిలో వేడి చాలకపోతే అది దానంతటదే రాజుకుంటుంది. ఈ చిన్న కాయిలుని మాత్రం కాస్త గుర్తుపెట్టుకోండి, మామయ్యలాగా మర్చిపోకండి.

మొదటి మిషను తన ఇంట్లోనే, వంటింటి వెనక చిన్న గదిలో పెట్టుకున్నాడు. తర్వాత రెండేళ్ళలో తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఇంకో ఆరు బిగించాడు. అప్పుడు తగిలింది అసలు పని. మా వీధి చివర అరవై ఫ్లాట్ల కొత్త బిల్డింగు లేస్తోంది. అరవై ఇళ్ళకీ వేణ్ణీళ్ళ ఏర్పాటు ఒకే చేతికివ్వాలని ఆ ఫ్లాట్లు కొన్నవాళ్ళ సంఘం తీర్మానించింది. ముప్ఫై రెండేళ్ళలో మామయ్య కలలోకి కూడా రానంత పని అది. సెక్రటరీగారు పూర్వం సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, నోటి మాటకి తల ఊపే రకం కాదు.

"కంపెనీ కాగితంలో ఒక యూనిట్‌కి మూడున్నర రెట్ల వేడి అని రాశారు. అది వాళ్ళ ల్యాబులో. మనుషులుండే ఇళ్ళలో ఎంతొస్తుంది?" అన్నాడు.

"మూడుకి తగ్గదండీ," అన్నాడు మామయ్య.

"ఎవరింట్లో కొలిచారు?"

అంతే. మామయ్యకి పౌరుషం వచ్చింది. ఆయనకి పౌరుషమొస్తే నోరు చేతికంటే ముందు పరిగెడుతుంది. "నేను బిగించిన ఏడు ఇళ్ళూ కొలిచి తెస్తాను, నా ఇంటితో సహా. ఒక్క ఇంట్లో రెండుకి తగ్గినా ఈ పని నాకొద్దు, మీరిచ్చినా చెయ్యను" అనేశాడు. సంఘం మీటింగులో నలభై మంది ముందు, ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి మరీ అన్నాడు. సెక్రటరీగారు ఆ మాట పొల్లుపోకుండా రాసుకున్నాడు.

కొలతకి రెండు సెట్ల మీటర్లు కొన్నాం. కరెంటుకొకటి, నీళ్ళకొకటి, లోపలికెళ్ళే నీళ్ళకీ బయటికొచ్చే నీళ్ళకీ చెరొక థర్మామీటరు. ఒక్కో ఇంట్లో వారం రోజులు. నెల తర్వాత ఆదివారం మీటింగు. అంకెలు రాసే పని నాది. కాలేజీ నన్ను మధ్యలోనే సాగనంపింది గానీ లెక్కల్లో నన్ను మించినవాణ్ణి ఆ కాలేజీ ఇప్పటిదాకా చూడలేదని నా అభిప్రాయం. కాలేజీ అభిప్రాయం వేరే.

మొదట దర్జీ ఇంటికెళ్ళాం. ఆయన మిషను పెట్టిన గదిలోనే రోజంతా బట్టలు ఇస్త్రీ చేస్తాడు. గదంతా ఆవిరి, ఉక్క. హీట్ పంప్‌కి అంతకంటే ఏం కావాలి? ఆ వేడి తాగి తాగి బలిసిపోయింది. అంకె మూడు పాయింటు రెండు వచ్చింది. "నా చెమట కూడా నీళ్ళు కాయడానికే పోతోందన్నమాట," అన్నాడు దర్జీ. మిషను వచ్చాక గదిలో ఉక్క తగ్గిందని మాత్రం ఒప్పుకున్నాడు.

రెండోది డ్రైవింగ్ నేర్పే ఆవిడ ఇల్లు. ఇంట్లో ఎనిమిదిమంది, అందులో నలుగురు జడలున్న ఆడపిల్లలు. పొద్దున ఏడింటికి పెద్దది తలంటుకుంటుంది. అది బయటికి రాకముందే రెండోది తలుపు బాదుతుంది. మూడోదాని వంతు వచ్చేసరికి ట్యాంకు ఖాళీ, నాలుగోదాని అరుపులకి మిషను బెంబేలెత్తి కాయిలు వెలిగించుకుంటుంది. అంకె రెండు పాయింటు ఒకటి. మామయ్య నుదుటి చెమట తుడుచుకుని, "అమ్మా, ఇద్దరు పొద్దున, ఇద్దరు సాయంత్రం తలంటుకుంటే..." అని నసిగాడు.

"మేస్త్రీగారూ, ఎదురుగా లారీ వస్తున్నా బ్రేకు ఎక్కడుందో చెప్పగలను నేను. ఈ నలుగురికీ వంతులు వెయ్యడం మాత్రం నా వల్ల కాదు," అందావిడ.

ఆ తర్వాత వచ్చింది బ్యాంకాయన ఇల్లు. మీటర్లు పెట్టిన రెండోరోజే అంకె సున్నా పాయింటు తొమ్మిదని తేలింది. మిషను తప్పేమీ కనబడలేదు. ఇక లాభంలేదని పొద్దున్నే వెళ్ళి వాళ్ళ వరండాలో కూర్చున్నాం. సరిగ్గా ఏడూ ఇరవైకి బ్యాంకాయన టవలు భుజాన వేసుకుని వచ్చాడు, గోడ మీద స్విచ్ టక్కున వేశాడు, వాచీ చూసుకున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాడు మామయ్య.

"స్నానానికి పది నిమిషాల ముందు వేస్తాం కదా. అవ్వగానే తీసేస్తాం. ఊరికే కరెంటు తగలెయ్యడం ఎందుకని."

"రోజూ ఇంతేనా?"

"మా నాన్నగారి హయాం నుంచీ ఇంతే. మొదట్లో నీళ్ళు గోరువెచ్చగా కూడా వచ్చేవి కావు. అందుకని ఇదుగో, పక్కనున్న ఈ బటన్ నొక్కాను. అప్పట్నుంచీ సలసలమంటున్నాయి. మీరు చెప్పలేదు గానీ మంచి బటన్ అండీ అది!"

ఆ బటన్ నొక్కితే హీట్ పంప్ పక్కకి తప్పుకుని కాయిలు ఒక్కటే పనిచేస్తుంది. గాలిలోంచి తీరిగ్గా వేడి తోడుకునే మిషనుకి నాలుగు గంటలు కావాలి. ఈయన పది నిమిషాలిచ్చాడు. పొదుపు చేస్తున్నానని మురిసిపోతూ ఏడాదిన్నరగా మిషనుని పక్కన కూర్చోబెట్టి పాత గీజరునే వాడుకుంటున్నాడు.

మామయ్య లేచి, నెమ్మదిగా ఆ బటన్ ఆపేసి, స్విచ్ అలాగే ఉంచి, దాని మీద టేపు అంటించాడు. "అయ్యా, మీకు దణ్ణం పెడతాను. దీన్ని ముట్టుకోకండి. రాత్రీ పగలూ ఇలాగే ఉండనివ్వండి."

"రాత్రీ పగలూనా!" బ్యాంకాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. వాళ్ళావిడ వంటింట్లోంచి, "మీరు పడుకోండి, నేను కాపలా కాస్తాలెండి," అంది. ఎవరి మీద కాపలా అన్నది మా అందరికీ అర్థమైంది. ఆ ఇంటికి చివరి వారంలో ఇంకోసారి మీటర్లు పెడితే రెండు పాయింటు ఏడు వచ్చింది.

మిగిలిన మూడిళ్ళూ రెండున్నరకి అటూ ఇటూ తేలాయి. చేతిలో ఒక్క ఇల్లు మిగిలింది, అది మామయ్య సొంతిల్లు. "అది ఉత్త లాంఛనంరా," అంటూ చివరి వారానికి వదిలేశాడు. పైగా తన మిషనంత చప్పుడు లేకుండా నడిచే మిషను ఊళ్ళో ఇంకోటి లేదని చెప్పుకునేవాడు. మిగతావాళ్ళ ఇళ్ళలో ఫ్యాన్ గుర్రుమంటుందట, ఈయన మిషను మాత్రం తపస్సు చేస్తున్నట్టు ఉంటుందట.

మా అత్త గురించి ఇక్కడ చెప్పాలి. అత్తది పూల పని. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ స్టేజీలు అలంకరిస్తుంది, బొకేలు కడుతుంది. ఆమె చేతిలో పడ్డాక వాడిపోదామనుకున్న పువ్వు కూడా భయపడి ఇంకో రోజు ఆగుతుంది. రెండేళ్ళ కిందట మిషను బిగించిన రోజున మామయ్య చాతీ విరుచుకుని, "చూశావా, నీళ్ళు కాగుతాయి, గది చల్లబడుతుంది. ఈ చల్లదనం మనకి ఊరికే వస్తున్నట్టు, వాడుకో!" అన్నాడు. మర్నాటికి ఆ గదిలోకి పూల బకెట్లు వచ్చేశాయి. వచ్చినవాళ్ళందరికీ ఆ గది తలుపు తీసి చూపించి, ఒకే దెబ్బకి రెండు పనులని గొప్పలు పోయింది కూడా మామయ్యే.

గురువారం సాయంత్రం మీటర్లు చూశాం. నేను లెక్క కట్టాను. మళ్ళీ కట్టాను. నా జీవితంలో మొదటిసారి నా లెక్క తప్పై ఉంటే బాగుండుననిపించింది.

"ఎంతరా?"

"మామయ్యా, కాస్త కూర్చో."

"ఎంత?"

"ఒకటీ పాయింటు మూడు."

మీటరు పాడైందన్నాడు. రెండో మీటరు తెచ్చి బిగించి గంటసేపు చూశాం, అదీ అదే పాట పాడింది. అప్పుడు గది లోపలికెళ్ళి చిటికెన వేలు గాలిలో పైకెత్తి, కళ్ళు మూసుకుని, "తొమ్మిది డిగ్రీలు," అన్నాడు. ఇంట్లో మిగతా గదులన్నీ ఇరవై రెండు. తలుపు కింద చూస్తే సందు పొడుగునా పాత దుప్పటి మడిచి కుక్కి ఉంది.

"ఇదేంటే?"

"దుప్పటి," అంది అత్త, కాడలు కత్తిరిస్తూ.

"దుప్పటని కనబడుతూనే ఉంది. ఇక్కడెందుకుంది?"

"చలి బయటికి పోకుండా. పూలకి. మీరేగా వాడుకోమన్నారు?"

"ఎప్పట్నుంచి ఉంది?"

"మీరు వాడుకోమన్నప్పట్నుంచి."

మామయ్య గోడకి జారగిలబడ్డాడు. "అది బతకాలంటే వెచ్చటి గాలి కావాలే! తలుపు మూసి, సందులు కుక్కి, తను వదిలిన చల్లగాలినే మళ్ళీ మళ్ళీ పీలుస్తుంటే ఇంకెక్కణ్ణుంచి పిండుతుంది వేడి? విసుగెత్తిపోయి కాయిలు వేసుకుంటోంది. అందుకేనా చప్పుడు లేనిది... తపస్సు కాదురా అది, మూర్ఛ!"

"నీళ్ళు మాత్రం ఎప్పుడూ వేడిగానే వస్తున్నాయండీ," అంది అత్త.

"వస్తాయి! కాయిలుంది కాబట్టి వస్తాయి!"

"మరి రెండేళ్ళుగా మీకెందుకు తెలీలేదు?"

పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుని ఊళ్ళోవాళ్ళ వేణ్ణీళ్ళకోసం పరిగెత్తే మనిషికి తన ఇంటి మిషను గురించి ఏం తెలుస్తుంది? ఆయన గొంతు తగ్గించి, "ఆదివారం పదింటికి మీటింగు. ఇప్పుడు తలుపు తీసేస్తే మూడు రోజుల్లో అంకె పైకొస్తుంది. రెండు దాటుతుంది," అన్నాడు.

అత్త కత్తెర కింద పెట్టింది. "ఆదివారమే పెళ్ళండీ. ఆరువందల గులాబీలు లోపలున్నాయి. తలుపు తీస్తే శనివారానికల్లా తలలు వాల్చేస్తాయి. మీ అంకె కోసం ఆ పెళ్ళికూతురు వాడిపోయిన పూల మధ్య నిలబడాలా? చెప్పండి, తీసేస్తాను."

తీసేస్తానంటూనే తలుపుకి అడ్డంగా నిలబడింది. అది చూస్తే లోపలికి చీమ కూడా పోదు.

నేను ఊరుకోలేక, "మామయ్యా, ఎవరు చూశారు? ఒకటికి కింద కాస్త మెలిక తిప్పితే రెండైపోతుంది. నాకొదిలెయ్," అన్నాను.

ఆయన నాకేసి తిరిగాడు. "ఒరేయ్, అబద్ధాలు నీ శాఖ. వేడి నా శాఖ. రెండూ కలపకు."

ఇంకెవరైనా ఆ మాటంటే నేను ఊళ్ళో పది కథలు పుట్టించేవాణ్ణి. ఆయనన్నాడు కాబట్టి పెన్ను జేబులో పెట్టేసుకున్నాను.

ఆదివారం మీటింగు కొత్త బిల్డింగు కిందే, కార్లు పెట్టే చోట జరిగింది. మామయ్య లేచి ఒక్కో ఇంటి అంకె చదివాడు. దర్జీది చదివితే చప్పట్లు కొట్టారు. జడలవాళ్ళది చదివితే నవ్వారు. బ్యాంకాయన పాత అంకె, కొత్త అంకె రెండూ చదివాడు. చివరికి, "మా ఇల్లు. ఒకటీ పాయింటు మూడు," అన్నాడు.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు కుర్చీ కుర్చీకీ అంటుకుంది. "వేణ్ణీళ్ళాయనకే వేణ్ణీళ్ళు కరువా!" అని ఎవరో అరిచారు. మామయ్య కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "మాట ఇచ్చాను. ఈ పని నాది కాదు. ఉంటానండీ."

"కూర్చోండి," అంది ముందు వరసలోంచి, అక్కడే ఫ్లాటు కొన్న లెక్కల టీచరమ్మ. ముప్ఫై ఏళ్ళు ఆరో తరగతిని అదుపులో పెట్టిన గొంతది. మామయ్యే కాదు, అప్పటికే కూర్చున్నవాళ్ళు కూడా ఇంకాస్త కూర్చున్నారు. "జవాబొక్కటే రాసి వెళ్ళిపోతే సగం మార్కులే. ఎందుకలా అయిందో చెప్పి వెళ్ళండి."

మామయ్య చెప్పాడు. చల్లగాలి గురించి, పూల గురించి, దుప్పటి గురించి, తను పోయిన గొప్పల గురించి, ఏదీ దాచలేదు. దుప్పటి దగ్గర మళ్ళీ నవ్వులు. టీచరమ్మ మాత్రం నవ్వలేదు.

"సెక్రటరీగారూ, మన బిల్డింగు ప్లాను ఒకసారి పరచండి. ఈ మిషన్లు ఎక్కడ పెడుతున్నాం?"

సెక్రటరీగారు టేబుల్ మీద ప్లాను విప్పాడు. ప్రతి ఫ్లాట్‌లోనూ స్నానాలగది పక్కన మూడడుగుల అలమర, దానికి గట్టి తలుపు. చూడ్డానికి అందంగా ఉండాలని గాలి దూరే సందు కూడా లేకుండా గీయించారట. సర్వే ఆఫీసులో జీవితమంతా గీతలు చదివిన మనిషి. ఆ బొమ్మని నెల రోజులుగా రోజూ చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అరవై అలమరలు," అంది టీచరమ్మ. "వీటికి దుప్పట్లు కూడా అక్కర్లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అరవై ఇళ్ళవాళ్ళూ ఎవరి ఒకటీ పాయింటు మూడుని వాళ్ళు కళ్ళముందు చూసుకుంటున్నారు.

"మేస్త్రీగారూ, పని మీరే చెయ్యండి," అన్నాడు సెక్రటరీగారు. "ఆ షరతు మీరు పెట్టుకున్నదే, మేం పెట్టలేదు."

మామయ్య జేబులోని కాగితాన్ని తడుముకున్నాడు. ఆ ఒక్క మాటకి సరేనంటే ముప్ఫై రెండేళ్ళలో రానిది వచ్చి ఒళ్ళో పడుతుంది. "లేదండీ. నా మాట నేనే సడలించుకుంటే, రేపు మీ నీళ్ళు కాగాయని నేనన్న మాట మీరెలా నమ్ముతారు?"

"సరే, బిగించనన్నారు," అంది టీచరమ్మ. "ప్లాను దిద్దనని కూడా ఒట్టు పెట్టారా?"

మామయ్య పైకి చూశాడు, కిందకి చూశాడు. "అలా... ఏం పెట్టలేదండీ."

"అయితే రేపు పొద్దున పెన్సిలు తీసుకుని రండి. ఏ మిషను ఎక్కడుండాలో మీరు గీయండి. బిగించేవాళ్ళు బిగిస్తారు."

బిగించే పని వారం తిరక్కుండానే పక్క వీధి మేస్త్రీకి వెళ్ళిపోయింది. అది మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. మీటింగయ్యాక మామయ్య స్కూటరు తాళం పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. నేను చూడనట్టు ఆకాశంకేసి తిరిగి నిలబడ్డాను. ఆకాశంలో చూడ్డానికి ఏమీ లేదు.

మధ్యాహ్నం అత్త హాలు నుంచి ఖాళీ బకెట్లతో వచ్చింది. గులాబీలు భేషుగ్గా నిలబడ్డాయట. గుమ్మంలోనే ఆగి మామయ్య మొహం చూసింది. "పోయిందా?"

"పోయింది."

"నా పూల వల్లేగా?"

"పూలేం చేశాయే? ఊరికే వస్తోంది వాడుకోమన్నది నేను. నోరు ఊరుకుంటేగా."

అత్త బకెట్లు ఒకదాంట్లో ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. నాలుగు బకెట్లయ్యాక, "గురువారానికి మళ్ళీ మూడువందలు వస్తున్నాయి. హోటల్లో పెట్టమంటారా?" అంది. ఆ హోటల్లో చలిపెట్టె పూలకి అద్దెకిస్తారు, అత్తకి అక్కడి వాసన గిట్టదు.

మామయ్య లేచి, వంటింట్లోకి వెళ్ళి, వంట వేడి ఇంకా ఆరని పొయ్యి పక్కన నిలబడి చిటికెన వేలు పైకెత్తాడు. "ముప్ఫై ఒకటి," అన్నాడు. చిన్న గదికీ వంటింటికీ మధ్య గోడని అరచేత్తో తట్టాడు. జేబులోంచి సుద్దముక్క తీసి పైన, కప్పుకి దగ్గరగా ఒక గుండ్రం గీశాడు. "ఇక్కణ్ణుంచి గొట్టం వేసి నీ వంటింటి వేడిని మిషనుకి తాగిస్తాను. అది వదిలే చలి నీ పూలకి. గది బయటి తలుపు అడుగున జాలీ పెడితే పాతగాలి పోతుంది. నువ్వు వండేకొద్దీ అది కాస్తుంది."

"అంటే రోజంతా నేను వండుతూ కూర్చోవాలా?"

"అలా అన్నానా?"

అత్త బకెట్లు వదిలి వచ్చి గుండ్రంకేసి చూసింది. "అక్కడ కాదు. అవతల నా పూల అర ఉంది. జానెడు ఎడమకి."

ఆయన చెరిపి ఎడమకి గీశాడు. "ఇక్కడ?"

"గొట్టం నా నెత్తి మీదనుంచి పోతుంది. ఇంకాస్త పైకి."

"పైన దూలం ఉందే."

"అయితే దూలాన్ని జరపండి. ఊరందరికీ జరుపుతారుగా!"

నాలుగో గుండ్రం దగ్గర ఇద్దరికీ కుదిరింది, దానికి అరగంట పట్టింది. మామయ్య స్టూలెక్కి డ్రిల్లు ఆన్ చేశాడు. గోడలోంచి ఎర్రటి పొడి జలజలా రాలి అత్త తళతళలాడే పొయ్యి మీద పడింది. అత్త కింద నుంచి ఏదో గట్టిగా అరుస్తోంది, ఆ చప్పుడులో మాకొక్క ముక్క కూడా వినబడలేదు. మామయ్య మాత్రం "ఆ, ఆ, అలాగే" అని తలూపుతూ కన్నం పెద్దది చేస్తూనే ఉన్నాడు.